"డిస్పారిటీ"ని చైనీస్ విద్యార్థులకు ఎలా చెప్పాలి? "ఛాజ్యూ" అంటే సరిపోవడం లేదు

ప్రశ్న | వ్యాసాల_దిద్దుబాటు

మాండరిన్ మాతృభాషగా ఉన్న పెద్దవాళ్లకు ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ చెబుతున్నాను. ధనిక-పేద, నగరం-పల్లె, స్త్రీ-పురుష అంశం ఏదొచ్చినా "డిస్పారిటీ" (సమానంగా లేకపోవడం, తేడా) వాడేస్తున్నారు. వాళ్ల నిఘంటువుల్లో ఈ మాటకు ఎదురుగా ఛాజ్యూ (అంతరం), ఛాయీ (తేడా), బూ పింగ్‌డెంగ్ (అసమానత), శ్యుయెన్‌షూ (చాలా పెద్ద తేడా ఉన్న) అని వరసగా ఇచ్చి ఊరుకుంటున్నారు. ఎక్కడ ఏది నప్పుతుందో దాన్నిబట్టి తెలియదు. పదే పదే వచ్చే వాక్యాలు ఇవి:

1. "దేర్ ఈజ్ ఎ బిగ్ డిస్పారిటీ ఆఫ్ పూర్ అండ్ రిచ్."
2. "ఐ స్టిల్ హ్యావ్ ఎ డిస్పారిటీ విత్ మై క్లాస్‌మేట్స్."
3. "ద గవర్నమెంట్ షుడ్ నారో డౌన్ ద డిస్పారిటీ."
4. "మెన్ అండ్ విమెన్ ఆర్ డిస్పరేట్ ఇన్ శాలరీ."
5. "ద స్ట్రెంగ్త్ ఆఫ్ ద టూ టీమ్స్ ఈజ్ వెరీ డిస్పారిటీ."

ఒక్కొక్కటీ దిద్దినా వారం తిరిగేసరికి ఇంకో రూపంలో వస్తున్నాయి. డిస్పారిటీ, ఇనీక్వాలిటీ, గ్యాప్, ఇనెక్విటీ – ఈ నాలుగింటినీ విడదీసి చూపించే పద్ధతి ఏదైనా ఉందా? చైనీస్ వచ్చినవాళ్లు చెబితే మరీ మంచిది.

జవాబు 1 | నాలుగో_టోన్

మీ జాబితాలో మొదటి మూడు తప్పుల వెనక ఉన్నది ఒకే మాట, ఛాజ్యూ. దాన్ని విప్పి చూపించకుండా డిస్పారిటీ అర్థం ఎన్నిసార్లు చెప్పినా నిలవదు.

ఛాజ్యూలో రెండు అక్షరాలున్నాయి. "జ్యూ" అంటే దూరం. "ఛా"తోనే చిక్కు. మాండరిన్‌లో ఒకే అక్షరాన్ని వేర్వేరు స్వరాల్లో, అంటే టోన్లలో, పలికితే అర్థం మారుతుంది. ఆ అక్షరాన్ని మొదటి టోన్‌లో పలికితే తేడా. అదే అక్షరాన్ని నాలుగో టోన్‌లో పలికితే తక్కువ పడటం, నాసిరకంగా ఉండటం. ఛాజ్యూలో పలికేది మొదటి టోనే అయినా, రెండో అర్థం నీడలా వెంట ఉంటుంది. అందుకే చైనీస్‌లో "నాకూ అతనికీ ఛాజ్యూ ఉంది" అంటే నేను వెనకబడి ఉన్నానని వినేవాడికి వెంటనే తెలుస్తుంది. ఎవరు పైన, ఎవరు కింద అన్నది మాటలోనే ఇమిడి ఉంది.

డిస్పారిటీకి ఆ దిశ లేదు. అది రెండు పక్షాలను బయటినుంచి చూసి, ఇవి సమానంగా లేవని చెప్పే మాట. కొలిచేవాడు ఆ రెండింటిలో ఒకడు కాడు. కాబట్టి రెండో వాక్యంలో డిస్పారిటీ బదులు ఇంకో నామం వెతకడం దండగ, వాక్యమే మార్చాలి: "ఐ స్టిల్ లాగ్ బిహైండ్ మై క్లాస్‌మేట్స్". ప్రమాణాన్ని అందుకోలేదని చెప్పాలంటే "ఫాల్ షార్ట్ ఆఫ్". ఈ రెండు క్రియలూ నేర్పిస్తే రెండో రకం తప్పు చాలావరకు పోతుంది.

ఆదర్శానికీ వాస్తవానికీ ఉన్న ఛాజ్యూ అని కూడా చైనీస్‌లో తరచూ రాస్తారు. అక్కడ ఇంగ్లీష్‌లో గ్యాప్ హాయిగా ఉంటుంది. డిస్పారిటీ రాస్తే తప్పనలేం గానీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది.

గ్యాప్, డిస్పారిటీల మధ్య అర్థంలో కంటే వాడుక స్థాయిలో తేడా ఎక్కువ. గ్యాప్ వార్తల్లో, మాటల్లో, వ్యాసాల్లో ఎక్కడైనా నడుస్తుంది. డిస్పారిటీ నివేదికల భాష. పైగా అభ్యాసకుల నిఘంటువులు గుర్తుచేసేది ఇంకొకటి ఉంది: డిస్పారిటీ అనగానే అన్యాయం వల్ల వచ్చిన తేడా అన్న ధ్వని తరచుగా వస్తుంది. ఎప్పుడూ కాదు. ఇద్దరి వయసుల్లో డిస్పారిటీ అంటే అందులో ఎవరి తప్పూ లేదు. జీతాల్లో డిస్పారిటీ అంటే మాత్రం వినేవాడు "ఎందుకలా?" అని అడుగుతాడు.

ఇక ఇనీక్వాలిటీ. దీన్ని విడదీయడానికి ఒక్క ప్రశ్న చాలు: ఎవరికీ ఎవరికీ మధ్య? జవాబుగా రెండు పేర్లు చెప్పగలిగితే డిస్పారిటీ లేదా గ్యాప్. చెప్పలేకపోతే, అంటే మొత్తం సమాజంలో పంపకం ఎలా ఉందన్నదే విషయమైతే, ఇనీక్వాలిటీ. చైనీస్ విద్యార్థులకు తెలిసిన ఉదాహరణ జీనీ శీషూ, అంటే గినీ గుణకం. ఇటలీ గణాంకవేత్త కొరాడో గినీ 1912లో ప్రతిపాదించాడు. సున్నా అంటే అందరికీ సమానం, ఒకటి అంటే అంతా ఒక్కరికే. చైనా జాతీయ గణాంక సంస్థ లెక్క ప్రకారం 2008లో అది 0.491. ఆ అంకె దేశం మొత్తం గురించి చెబుతుంది, పల్లెవాడికీ పట్నవాసికీ మధ్య ఎంత దూరమో చెప్పదు. కాబట్టి గినీ కొలిచేది "ఇన్‌కమ్ ఇనీక్వాలిటీ"ని.

వ్యాసాల్లో వీళ్లకు ఇష్టమైన కన్ఫ్యూషియస్ మాట ఒకటుంది: "బూ హ్వాన్ గ్వా, ఆర్ హ్వాన్ బూ జ్యూన్". కొరత గురించి కాదు, పంపకం సమంగా లేకపోవడం గురించి దిగులుపడాలని. ఆ "బూ జ్యూన్"ని కూడా డిస్పారిటీ చేసేస్తారు. అక్కడ ఉన్నది పంపకం కనుక "అనీక్వల్ డిస్ట్రిబ్యూషన్" అనాలి.

జవాబు 2 | కామా_తర్వాత

పై జవాబు అర్థానికి సంబంధించింది. తప్పులు ఎక్కువగా పడేది వ్యాకరణంలో, కాబట్టి అది చెబుతాను.

ముందు చట్రం. "డిస్పారిటీ ఇన్ ఫలానా బిట్వీన్ ఎ అండ్ బి". "ఇన్" తర్వాత కొలిచే వస్తువు: ఆదాయం, ఆయుష్షు, చదువు. "బిట్వీన్" తర్వాత పక్షాలు. ఈ రెండు ఖాళీలూ నింపలేకపోతే ఆ మాట వాడొద్దని నియమం పెట్టండి. "డిస్పారిటీ ఆఫ్" కూడా ఇంగ్లీష్‌లో ఉంది, కానీ దాని తర్వాత వచ్చేది కొలిచే వస్తువే, పక్షాలు కావు. మొదటి వాక్యంలో "ఆఫ్" తర్వాత మనుషులు వచ్చారు, అదీ లోపం. చైనీస్‌లో "డ" అనే ఒక్క అక్షరం నామాలను కలిపే పని చాలావరకు చేసేస్తుంది. దాన్ని అలవాటుగా "ఆఫ్" చేస్తారు.

రెండోది పదాల వరస. చైనీస్‌లో "పిన్‌ఫూ ఛాజ్యూ": పిన్ అంటే పేద, ఫూ అంటే ధనిక. ఇంగ్లీష్‌లో నానుడి వరస తలకిందులు, "ద గ్యాప్ బిట్వీన్ రిచ్ అండ్ పూర్". "పూర్ అండ్ రిచ్" రాసినా అర్థమవుతుంది, మార్కులు పోవు కూడా, కానీ చదివేవాడి చెవికి తగులుతుంది. "ఛెంగ్‌శియాంగ్", అంటే నగరం-పల్లె, దగ్గర ఈ బాధ లేదు. ఇంగ్లీష్‌లోనూ "అర్బన్-రూరల్" అదే వరస.

మూడోది క్రియ. తేడా తగ్గించడానికి చైనీస్‌లో "స్వోశియావ్": కుదించు, చిన్న అనే రెండు ముక్కలు. పెంచడానికి "లాడా": లాగు, పెద్ద. రెండో ముక్క ఫలితాన్ని చెబుతుంది. ఆ అలవాటు వల్లనే కావచ్చు, ఇంగ్లీష్ క్రియకు కూడా వెనక ఏదో తోక ఉండాలనిపించి "నారో డౌన్" అంటారు. "నారో డౌన్" అంటే చాలా ఎంపికల్లోంచి కొన్నిటిని ఏరడం. తేడాకు "నారో" చాలు. "రెడ్యూస్", "అడ్రెస్" కూడా పనికొస్తాయి. పెరగడానికి "వైడెన్". "ఎన్‌లార్జ్" రాస్తే ఫొటో పెద్దది చేసినట్టుంటుంది. గ్యాప్‌ని పూర్తిగా పూడ్చడానికి "క్లోజ్" అంటాం, డిస్పారిటీకి "ఎలిమినేట్" మేలు.

విశేషణాలు: "వైడ్", "మార్క్‌డ్", "స్టార్క్", "గ్లేరింగ్", "గ్రోయింగ్". ఇందులో "గ్లేరింగ్"కి నింద ఉంది, గ్రాఫ్ వర్ణించే మొదటి టాస్క్‌లో వాడకూడదు. "బిగ్" తప్పు కాదు, కానీ నివేదిక మాటకు పక్కన ఇంటి మాట పెట్టినట్టు ఉంటుంది.

ఏకవచనమా బహువచనమా? చైనీస్ నామానికి ఈ గొడవే లేదు. డిస్పారిటీ లెక్కించదగిన నామంగానూ, లెక్కించలేని నామంగానూ నడుస్తుంది. ఒక ప్రత్యేకమైన తేడా అయితే "ఎ డిస్పారిటీ". చాలా రంగాల్లో, చాలా సమూహాల మధ్య అయితే "డిస్పారిటీస్". వ్యాసం శీర్షికలాగా మొత్తం విషయం గురించి మాట్లాడేటప్పుడు "రీజినల్ డిస్పారిటీ" అని ఆర్టికల్ లేకుండా వదలొచ్చు. విద్యార్థులు తేల్చుకోలేకపోతే బహువచనం వైపు తోయండి, అందులో తప్పయ్యే అవకాశం తక్కువ.

అయిదో వాక్యం శ్యుయెన్‌షూ వల్ల వచ్చింది. చైనీస్‌లో అది గుణవాచకం, నేరుగా వాక్యం చివర నిలబడుతుంది: "ఇద్దరి బలం శ్యుయెన్‌షూ". ఇంగ్లీష్‌లో దానికి సరిపోయే గుణవాచకం ఇక్కడ లేదు. "దేర్ ఈజ్ ఎ వైడ్ డిస్పారిటీ ఇన్ స్ట్రెంగ్త్ బిట్వీన్ ద టూ టీమ్స్" అని వాక్యం తిరగెయ్యాలి. శ్యుయెన్‌షూలో "చాలా" అన్న భావం ముందే ఉంది కనుక "వైడ్" తప్పక రావాలి. ఇంకా తేలికగా: "ద టూ టీమ్స్ ఆర్ అనీవెన్లీ మ్యాచ్‌డ్".

నాలుగో వాక్యంలోని "డిస్పరేట్" ఈ కుటుంబంలో దారి తప్పిన చుట్టం. చూడటానికి డిస్పారిటీ విశేషణ రూపంలాగే ఉంటుంది. ఇప్పటి వాడుకలో మాత్రం దాని అర్థం "ఒకదానితో ఒకటి పోలికే లేని, రకరకాల". "డిస్పరేట్ సోర్సెస్" అంటే సంబంధం లేని పలు మూలాలు. జీతాలు సమానంగా లేవనడానికి "అనీక్వల్" వాడాలి. అమెరికా ఉద్యోగ చట్టంలో "డిస్పరేట్ ఇంపాక్ట్" అనే పారిభాషిక పదం ఉంది. పైకి అందరికీ ఒకే నియమం, ఫలితం మాత్రం ఒక సమూహానికి ఎక్కువ దెబ్బ. 1971లో గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఈ వాదానికి పునాది వేసింది. న్యాయశాస్త్రం చదివే విద్యార్థికి తప్ప ఇది చెప్పనక్కర్లేదు.

జవాబు 3 | నిష్పత్తి

వ్యాకరణం సరిగా ఉండి కూడా వాక్యం అబద్ధమయ్యే చోటు ఒకటుంది, మొదటి టాస్క్‌లో తరచుగా వస్తుంది. "నారోడ్" అనేటప్పుడు ఏ కొలతలో?

చైనా అధికారిక లెక్కలే తీసుకోండి. తలసరి ఖర్చు చేయదగిన ఆదాయం 2022లో పట్టణాల్లో 49,283 యువాన్లు, పల్లెల్లో 20,133. నిష్పత్తి 2.45. 2023లో పట్టణం 51,821, పల్లె 21,691. నిష్పత్తి 2.39. "తేడా తగ్గింది" అని విద్యార్థి రాస్తాడు. కానీ తీసివేసి చూడండి: 2022లో 29,150 యువాన్లు, 2023లో 30,130. యువాన్లలో తేడా పెరిగింది, నిష్పత్తిలో తగ్గింది. రెండూ ఒకేసారి నిజం, ఎందుకంటే పల్లె ఆదాయం శాతంలో వేగంగా పెరిగింది గానీ చిన్న అంకె మీద పెరిగింది.

కాబట్టి డిస్పారిటీ పక్కన "వైడెన్", "నారో" రాసిన ప్రతిసారీ "ఇన్ రెలెటివ్ టర్మ్స్" లేదా "ఇన్ ఆబ్సొల్యూట్ టర్మ్స్" చేర్చడం అలవాటు చేయించండి. చైనీస్‌లో "శియాంగ్‌డ్వీ", "జ్వేడ్వీ" అని వాళ్లకు తెలిసిన జంటే, కొత్తగా నేర్పాల్సిన భావం కాదు.

అడిగినవారు | వ్యాసాల_దిద్దుబాటు

ముగ్గురికీ ధన్యవాదాలండీ. "ఎవరికీ ఎవరికీ మధ్య" అన్న ప్రశ్న, రెండు ఖాళీల నియమం రేపటినుంచే పెడతాను. ఒక సందేహం మిగిలింది. ప్రజారోగ్యం చదివే విద్యార్థులు కొందరున్నారు. వాళ్లు చదివే ఇంగ్లీష్ పత్రాల్లో ఒకే విషయానికి ఒకచోట "హెల్త్ డిస్పారిటీస్", ఇంకోచోట "హెల్త్ ఇనీక్వాలిటీస్", మరోచోట "హెల్త్ ఇనెక్విటీస్" ఉంటోంది. మూడూ ఒకటేనా?

జవాబు 4 | ప్రజారోగ్య_పాఠకుడు

ఒకటి కాదు, కానీ తేడా సగం భూగోళానిది, సగం నీతిది.

అమెరికాలో వ్యవహారం డిస్పారిటీతో. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల్లో మైనారిటీల ఆరోగ్యం, ఆరోగ్య డిస్పారిటీల కోసం ప్రత్యేక సంస్థే ఉంది. 2010లో దానికి పూర్తి ఇన్‌స్టిట్యూట్ హోదా వచ్చింది. బ్రిటన్‌లో అదే విషయానికి ఎక్కువగా "ఇనీక్వాలిటీస్" అంటారు. కాబట్టి ఈ రెండింటి మధ్య విద్యార్థి పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఏ దేశపు పత్రాన్ని అనుసరిస్తున్నాడో ఆ మాట వాడి, వ్యాసమంతా దానికే కట్టుబడితే చాలు.

ఇనెక్విటీ వేరు. అది తీర్పు. బ్రిటిష్ ప్రజారోగ్య పరిశోధకురాలు మార్గరెట్ వైట్‌హెడ్ 1990ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం కోసం చేసిన నిర్వచనం ఇప్పటికీ నడుస్తోంది. దాని సారం: అనవసరమైనది, నివారించదగినది, పైగా అన్యాయమైనది అయితేనే ఆ తేడా ఇనెక్విటీ. ముసలివాళ్లకు పడుచువాళ్లకంటే గుండెజబ్బులు ఎక్కువ రావడం తేడా మాత్రమే, ఇనెక్విటీ కాదు. ఒకే జబ్బుకు ఒక ప్రాంతంవాళ్లకు వైద్యం అందక ఎక్కువమంది చనిపోతే అది ఇనెక్విటీ. అంటే ఆ మాట రాసినవాడు, ఎందుకు అన్యాయమో తర్వాతి వాక్యంలో చూపించాలి.

చైనీస్‌లో దీనికి దారి సుగమంగానే ఉంది. బూ పింగ్‌డెంగ్ అంటే సమానం కాకపోవడం, ఇనీక్వాలిటీ. బూ గోంగ్‌పింగ్ అంటే న్యాయం కాకపోవడం, ఇనెక్విటీ. రెండింటిలోనూ "పింగ్" ఉంది కాబట్టి తొందరలో కలిపేస్తారు. "గోంగ్" కనిపిస్తే ఇనెక్విటీ అని చెప్పండి, పట్టుకుంటారు. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం జారి "ఇనిక్విటీ" అయితే పాపం, దుర్మార్గం అన్న అర్థం వస్తుంది. స్పెల్‌చెక్ దాన్ని పట్టుకోదు, ఎందుకంటే అదీ మంచి మాటే.

నాలుగో_టోన్ గారి నియమంతో ఒకచోట విభేదిస్తాను. రెండు పక్షాలుంటే డిస్పారిటీ అన్నది రచనకు మంచి ఊతకర్ర, చట్టం కాదు. "జెండర్ ఇనీక్వాలిటీ"లో రెండు పక్షాలే ఉన్నాయి, అయినా ఎవరూ "జెండర్ డిస్పారిటీ" అని సరిచేయరు. ఇక్కడ తేడా ఇది: జెండర్ ఇనీక్వాలిటీ అంటే హక్కులు, అధికారం, అవకాశాలు అన్నీ కలిసిన పరిస్థితి. అందులోంచి కొలవగల ఒక్క అంశాన్ని బయటికి తీస్తే జెండర్ పే గ్యాప్, లేదా వేతనాల్లో డిస్పారిటీ. ఎన్ని పక్షాలున్నాయో అడిగాక, కొలిచే అంశం ఒకటేనా అని కూడా అడగాలి.

ఇంకా రెండుచోట్ల డిస్పారిటీ అస్సలు దూరదు. బ్రిటన్‌తో చైనా చేసుకున్న 1842 నాన్‌జింగ్ ఒప్పందంతో మొదలైన అసమాన ఒప్పందాలు ఇంగ్లీష్‌లో "అనీక్వల్ ట్రీటీస్", ఇది స్థిరపడిన పేరు. గణితంలో బూడెంగ్‌షీకి, అంటే అసమీకరణానికి, "ఇనీక్వాలిటీ", దాని బహువచనం నిత్యం వాడుకలో ఉన్నదే. మరొకటి, 2017 చైనా కమ్యూనిస్ట్ పార్టీ మహాసభ తర్వాత చైనీస్ వ్యాసాల్లో తెగ కనిపించే "బూ పింగ్‌హెంగ్, బూ ఛోంగ్‌ఫెన్" అభివృద్ధికి అధికారిక ఇంగ్లీష్ "అన్‌బ్యాలెన్స్‌డ్ అండ్ ఇనాడిక్వెట్ డెవలప్‌మెంట్". "పింగ్‌హెంగ్" అంటే సమతూకం కనుక అక్కడ ఇనీక్వాలిటీ రాదు.

జవాబు 5 | నాలుగో_టోన్

విభేదం న్యాయమే. "కొలిచే అంశం ఒకటేనా" అన్నది నా ప్రశ్నకు జోడించుకుంటే నియమం ఇంకా గట్టిపడుతుంది.

ఉచ్చారణ ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అది చెప్పి ఆపుతాను. ఊనిక రెండో అక్షరం మీద: డి-స్పా-రి-టి. ఆ "పా"లో అచ్చు "క్యాట్"లో ఉన్నది. తెలుగు లిపిలో దీర్ఘం పెట్టడం మన సౌకర్యం కోసమే, మీరు పలికేటప్పుడు ఆ దీర్ఘాన్ని వాళ్లకు అంటించకండి. అమెరికాలో చాలామంది దాన్ని "పెయిర్"లో అచ్చుకు దగ్గరగా పలుకుతారు, అదీ సరే.

పదాన్ని "డిస్" ప్లస్ "పారిటీ" అని విడగొట్టి నేర్పితే అర్థం బాగా గుర్తుంటుంది, ఉచ్చారణ చెడుతుంది. ఎందుకంటే చైనీస్‌ను రోమన్ లిపిలో రాసే పిన్‌యిన్ పద్ధతిలో "పి" అక్షరం గాలి వదిలే ధ్వని. ఇంగ్లీష్‌లో "ఎస్" తర్వాత వచ్చే "పి"లో ఆ గాలి ఉండదు. అది పిన్‌యిన్ "బి"కి, మన "ప"కు సమానం. కాబట్టి "డి" అని ఆగి, "స్"ని తర్వాతి అక్షరానికి అతికించి, అక్కడ పిన్‌యిన్ "బి" పలకమనండి. "స్"కీ "ప"కీ మధ్య "సి" అని అచ్చు దూర్చడం రెండో తప్పు. మాండరిన్‌లో హల్లుల జంట లేకపోవడం వల్ల వస్తుంది. పాములా "స్‌స్‌స్" అని సాగదీస్తూ పెదవులు మూయమంటే అచ్చుకు చోటుండదు.

డిస్పరేట్‌లో ఊనిక మొదటి అక్షరం మీదికి వెళ్తుంది. ఈ రెండు మాటలూ వేర్వేరని చెవికి గుర్తుచేసేది అదే.

అడిగినవారు | వ్యాసాల_దిద్దుబాటు

చివరిగా ఒకటి. ఇద్దరు విద్యార్థులు "డిస్క్రెపెన్సీ"ని కూడా ఇదే అర్థంలో వాడారు: "ఇన్‌కమ్ డిస్క్రెపెన్సీ". కొట్టేయనా?

జవాబు 6 | కామా_తర్వాత

కొట్టేయండి, కారణం పక్కన రాయండి. డిస్క్రెపెన్సీ అంటే ఒకేలా ఉండాల్సిన రెండు లెక్కలు కలవకపోవడం. రసీదులో ఒక మొత్తం, ఖాతాలో ఇంకో మొత్తం ఉంటే అది డిస్క్రెపెన్సీ. చైనీస్‌లో "ఛూరూ" అన్న మాటకున్న అర్థాల్లో ఒకటి ఇదే. పట్టణ ఆదాయమూ పల్లె ఆదాయమూ ఒకే వస్తువుకు రాసుకున్న రెండు లెక్కలు కావు కనుక అక్కడ కుదరదు. అయితే ఒకే ఊరి సగటు ఆదాయాన్ని రెండు సర్వేలు వేర్వేరుగా చూపిస్తే, ఆ రెండు అంకెల మధ్య ఉన్నది డిస్క్రెపెన్సీయే. అలాంటి వాక్యమైతే ఉంచండి.